రెండు సిలిండర్ల అంతిమయాత్ర

మనుషులు చేసే తప్పులకు మామూలుగా ఒక క్షమాపణ సరిపోతుంది. మరీ పెద్ద తప్పయితే ఒక స్పేర్ పార్టు. నేను చేసినదానికి రెండూ అక్కరకు రాలేదు. క్షమించాల్సిన మనిషి అప్పటికే పాడె మీద పడుకుని ఉన్నాడు. పాడె ఆయన సొంత బండి మీద ఉంది. ఆ బండి నా పుణ్యాన పంజాగుట్ట చౌరస్తా దాటి, శ్మశానం కనబడేంత దూరంలో, ఇక కదలనని భీష్మించుకుంది. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఆ రోజు నవ్వు వచ్చి కండువా నోట్లో కుక్కుకున్నవాళ్లు కొందరున్నారు, వాళ్ల వాటా కూడా మీరే తీసుకోండి.

ముందుగా ఒక సంగతి తేల్చేయాలి. రాజయ్య కాకా పోయింది నా వల్ల కాదు. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు. ముందురోజు సాయంత్రమే కాకాతో వాదన పెట్టుకుని ఉన్నాను కాబట్టి, ఆ మాట నేను డాక్టర్‌తో మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను.

"నువ్వు పెద్దాయనకు ఏమైతవ్?" అని అడిగాడు డాక్టర్.

"పై పోర్షన్‌ల కిరాయికుంట సార్."

కిరాయికుండేవాడికి ఇంత ఆత్రమెందుకా అని ఆయన నన్ను అద్దాల పైనుంచి చూశాడు. నేను తల దించుకున్నాను. దాన్ని అందరూ దుఃఖం అనుకున్నారు. ఆ రోజంతా నా ప్రతి దొంగచూపూ దుఃఖం ఖాతాలోనే పడింది.

అమీర్‌పేటలో రెండు రకాల జనం ఉంటారు. ఏదో ఒక కోర్సు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఒక రకం. వాళ్ల మంచాలనూ పరుపులనూ ఈ హాస్టల్ నుంచి ఆ హాస్టల్‌కు మోసి బతికేవాళ్లు రెండో రకం. నేను మొదటి రకం, కాకా రెండో రకం. మెదక్ దిక్కు వ్యవసాయం వదిలి, ఎడ్లు అమ్మి, ట్రాలీ ఆటోతో మొదలుపెట్టి చివరికి చిన్న లారీలాంటి ఒక డీసీఎం వ్యాన్‌కు ఓనరయ్యాడు. పిల్లలు లేరు. ఆయనా ఆయన భార్య కనకవ్వా ఆ బండిని "వాడు" అనేవాళ్లు. "వానికి నీళ్లు వోసినవా?", "వాడు రాత్రి వానల తడిసిండు" అని మాట్లాడుకుంటుంటే, ఇంట్లో నాకు పరిచయం చేయని మనవడెవరో ఉన్నాడని నేను వచ్చిన కొత్తలో చాలా రోజులు అనుకున్నాను.

ఇక నేను. బీటెక్ మెకానికల్ పాసై, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం అమీర్‌పేటలో తప్పు కాదు, ఆచారం. కానీ మెట్రో పిల్లర్ పక్కన చాయ్ బండి దగ్గర ఆగే డీసీఎం ఓనర్లు ఆ డిగ్రీని నాకన్నా ఎక్కువ గౌరవించారు. నన్ను "ఇంజనీర్ సాబ్" అని పిలిచారు. నేను వద్దనలేదు. ఇంజన్‌ను నేను కాలేజీలో ముట్టుకున్నది ఒకే ఒక్కసారి, అదీ ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే తుడవడానికి. తెరవడానికి ఇంజన్ లేనివాడికి తీర్పు చెప్పడానికి నోరుంటుందని సామెత లేకపోతే, నా పేరు మీద రాసుకోండి.

గొడవకు విత్తనం నేనే వేశాను. ఒక సాయంత్రం చాయ్ తాగుతూ ఫోన్‌లో ఒక వీడియో చూపించాను. ఎక్కడో పరదేశంలో ట్రక్కుల ఓనర్లు కొట్టుకుచావడం ఒక్కటే తక్కువగా వాదించుకుంటున్నారు. విషయం ఏమిటంటే, అక్కడి ఇంజన్‌కు బరువు లేనప్పుడు అది తనంతట తానే సగం సిలిండర్లను, అంటే డీజిల్ మండి బలం పుట్టే గదులను, ఆపేస్తుంది. ఆయిల్ ఆదా. అయితే ఏళ్లు గడిస్తే ఇంజన్ నిలుస్తుందా, పాడవుతుందా? అదీ తగాదా.

"మంచిగనే ఉన్నదిర భయ్," అన్నాడు దశరథం. ఆయనదీ డీసీఎమ్మే, సిరిసిల్ల నేతపనివాళ్ల కుటుంబం. కొత్త బండి కొందామని చూస్తున్నాడు. "మా ఇంట్ల నాలుగు మగ్గాలుండె. నూలు తక్కువున్ననాడు రెండే నడుపుదుం. పని లేని మగ్గం ఉత్తగ ఆడిస్తె ఏమొస్తది?"

రాజయ్య కాకా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే కోర్టు మొదలైనట్టు.

"మగ్గానికి మగ్గం యాడికాడికే ఉంటది దశరథం. ఇంజన్ల నాలుగు ఒక్క కాడికే కట్టి ఉంటయ్. నాలుగెడ్లు కట్టి రెండిటితోని దున్నుమను. కాడి ఒక దిక్కు అరుగుతది. లాగిన ఎడ్లు బక్కగైతయ్, లాగనియి సోమరులైతయ్. రేపు నాలుగు కలిసి లాగాల్సొస్తె ఒకదాని అడుగు ఒకదానికి కలువది."

"ఎద్దుకు రెస్టు ఇస్తె బలం రాదానే?"

"రెస్టు ఇయ్యాలంటె కాడి ఇప్పాలె. కాడి మీదుంచి రెస్టంటె, గది రెస్టు గాదు, జైలు."

జనం కాకా వైపు తిరిగిపోతున్నారు. డిగ్రీ ఊరుకుంటుందా?

"కాకా, అంత కంప్యూటరే చూసుకుంటది. రెండు సిలిండర్లు ఆగినా డ్రైవర్‌కు తెల్వనే తెల్వది," అన్నాను.

"నాకు తెల్వదా?"

"నీకు సుత తెల్వది."

కాకా నన్ను జాలిగా చూశాడు. "బిడ్డా, ఎన్నడన్న ఇంజన్ మూత తీసినవా?"

ఓనర్లందరూ నవ్వారు. చాయ్ పోసేవాడు నవ్వాడు. పార్శిల్ కోసం వచ్చి, విషయం తెలియని ఒకాయన కూడా నవ్వాడు. ఆ మూడో నవ్వు నన్ను పాడుచేసింది.

మా కాలేజీ ల్యాబ్‌లో ఒక పరీక్ష ఉండేది. నడుస్తున్న ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌నూ ఆపుతూ, మిగిలినవి ఎంత లాగుతున్నాయో చూడటం. నేనది చేయలేదు, ఒక సీనియర్ రికార్డు చూసి ఎత్తిరాశాను. అయినా సిలిండర్‌ను ఆపవచ్చుననే జ్ఞానం మాత్రం బుర్రలో మిగిలింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదవకుండానే పోగొట్టుకున్నాను.

మర్నాడు కాకా ఖాళీ బండితో మాసబ్ ట్యాంక్ దాకా పోయి సామాను ఎత్తాలి. అంటే పోయేటప్పుడు బరువు లేదు. నా పథకం సిద్ధమైంది. వాదన జరిగిన మాపటేళే ఇంటి ముందున్న బండి ఎక్కి, డ్రైవర్ పక్క సీటు పైకెత్తాను. దాని కింద ఇంజన్. ఇంజెక్టర్ అంటే సిలిండర్‌కు డీజిల్ తినిపించే చెంచా అనుకోండి. ఆ చెంచాకు పోయే వైరు క్లిప్పు ఊడదీస్తే ఆ సిలిండర్‌కు ఉపవాసం. రెండు క్లిప్పులు ఊడదీశాను. సీటు మూశాను. పొద్దున కాకా పోయి వచ్చాక, చాయ్ బండి దగ్గర అందరి ముందూ లేచి నిలబడి, "కాకా, నువ్వు రెండు సిలిండర్ల మీద పోయొచ్చినవ్!" అనాలి. ఆ మాట అద్దం ముందు రెండు మూడు రకాలుగా అని కూడా చూసుకున్నాను.

పొద్దున కాకా లేవలేదు.

ఇంతటితో నవ్వడం కాసేపు ఆపండి, నేనూ ఆపాను. ఆయన నాకు అన్నం పెట్టిన మనిషి. కోర్సు ఎప్పుడైపోతుందని ఒక్కనాడూ అడగని ఏకైక మనిషి. ఆ పూట నేను ఐసు కోసం, పూల కోసం, ఊరి నుంచి వచ్చే చుట్టాల కోసం పరుగెడుతూనే ఉన్నాను. క్లిప్పుల సంగతి నిజంగానే మరిచిపోయాను. అంతిమయాత్ర బండి కోసం ఫోన్ చేద్దామని ఎవరో అంటే కనకవ్వ పెద్దమ్మ అడ్డం పడినప్పుడు కూడా గుర్తు రాలేదు.

"ఎవ్వల బండి వద్దు," అన్నది పెద్దమ్మ. "ఆయన పానముండంగనే చెప్పిండు. నన్ను పరాయి బండి ఎక్కియ్యకుర్రి, వాని మీదనే తోలుర్రి అన్నడు. గదొక్కటే అడిగిండు నన్ను."

"నేను తోలుత వదినా," అన్నాడు దశరథం కళ్లు తుడుచుకుంటూ. "పొద్దుగూకకముందె నిప్పు వెట్టాలె. ఎల్లుదాం."

పాడెను బండి మీదికెక్కించారు. పూలదండలు కట్టారు. డప్పులు మొదలయ్యాయి. దశరథం తాళం తిప్పాడు.

బండి ఒళ్లంతా వణికింది. చలిజ్వరం వచ్చినవాడిలా పళ్లు కొరుకుతూ, ఎక్కిళ్లు పెడుతూ, "డుగ్... డు... డుగ్... డు..." అని మొదలుపెట్టింది. ముందు కట్టిన దండలు భరతనాట్యం చేశాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా గుండె కూడా సరిగ్గా రెండు గదుల మీదే కొట్టుకోసాగింది.

"అయ్యో, బండి ఏడుస్తున్నది!" అంది ఒక ఆడమనిషి. అంతే, అప్పటిదాకా అదుపులో ఉన్న ఏడుపులన్నీ కట్ట తెగాయి.

నేను పరుగున క్యాబిన్ దగ్గరికి పోయాను. డ్రైవర్ పక్క సీటు మీద, అంటే నా నేరం మీద, కాకా తమ్ముడు సాయిలు కూర్చుని ఉన్నాడు. నిండైన మనిషి. ఒళ్లో నిప్పుల కుండ.

"సాయిలన్నా, జర దిగు. ఒక్క నిమిషం."

"ఎందుకు?"

"సీటు కింద... చూడాలె."

"నిప్పు వట్టినోడు నడుమ దిగొద్దు. ఏం చూస్తవ్ సీటు కింద? అన్న పైనున్నడు."

నేను తలుపు మీది చెయ్యి తీసి వెనక్కి వచ్చాను. 

నిజం చెప్పేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. పాడె చుట్టూ ఏడుస్తున్న వందమంది మధ్య, డప్పుల్లో, "పెద్దాయనను ఓడించడానికి రాత్రి ఈయన బండిని నేనే పాడుచేశాను" అని ప్రకటించే ధైర్యం మీకుంటే, వచ్చి నా పక్కన నిలబడండి. నేను బండి పక్కన నడిచాను.

రోడ్డు చదునుగా ఉన్నంతసేపూ నడకవేగంతో బాగానే లాగింది. కానీ లారీలు నడిపి తలపండినవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు, ఇంజన్ చప్పుడును ఎవరు వదిలిపెడతారు? ఒక చెయ్యి కళ్లు తుడుచుకుంటుంటే ఇంకో చెయ్యి రోగం నిర్ణయిస్తోంది.

"ఎయిర్ వట్టినట్టుంది."

"కాదు, డీజిల్ల నీళ్లు వడ్డయ్."

"నిన్న మంచిగనే ఉండె గదనే! నేను ఇన్న నా చెవులతోని."

"ఓనర్ వోతె ఇంజన్ గిట్లనే ఐతది. మా మామ పోయిన్నాడు గడియారం ఆగింది."

దశరథం కిటికీలోంచి తల బయటపెట్టాడు. ముఖం చాలా సీరియస్‌గా ఉంది. "ఇంజనీర్ సాబ్, నాకొక అనుమానం. ఇది నాలుగిట్ల రెండే కొడుతున్నది. నువ్వు వీడియోల చూపిచ్చింది గిదే గద?"

నేను అటుపక్క చూస్తూ నడిచాను. "కావచ్చే."

"మరి డ్రైవర్‌కు తెల్వనే తెల్వదంటివి? నా నడుం ఇరుగుతున్నది! గిసోంటి బండా నేను కొనాల్సింది?"

"అది వేరే దశరథన్నా, దాంట్ల కంప్యూటర్..."

"కంప్యూటర్ వచ్చి నడుం వడుతదా?"

"రెస్టు మంచిదని నువ్వే అంటివి గదనే నిన్న!" అన్నాడు వెనకనుంచి ఇంకో ఓనరు.

"అప్పుడు నేను కూసొని చెప్పిన. ఇప్పుడు తోలుతున్న."

అలా అంతిమయాత్రలో వాదన మళ్లీ రాజుకుంది. కొందరు నాలుగు సిలిండర్ల వైపు, కొందరు రెండింటి వైపు. డప్పులవాళ్లు ఏం కొట్టాలో తెలియక మెల్లగా ఆపేశారు. చివరికి బండి మీద, పాడె పక్కన కూర్చున్న కనకవ్వ పెద్దమ్మ కొంగు నోటి నుంచి తీసింది.

"నాలుగుండాలె అన్నోడు ఈడ పండుకున్నడు. రెండు చాలన్నోళ్లు నడుస్తున్నరు. ఇగ చాలియ్యుర్రి."

వాదన ఆగి డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ఆవిడ చూపు మాత్రం నా మీద ఆగినట్టనిపించింది. అనిపించడమే అనుకున్నాను.

పంజాగుట్ట అనే పేరు చివర గుట్ట ఉందని, అది ఊరికే పెట్టింది కాదని, నాకు ఆ రోజే తెలిసింది. చౌరస్తా దాటి ఎత్తు మొదలవగానే బండి ఒకసారి గట్టిగా మూలిగి, నల్లటి పొగ ఒకటి వదిలి, ఆగిపోయింది. వెనక ట్రాఫిక్ హారన్లు. పడమట పొద్దు మేడల వెనక్కి దిగుతోంది. దశరథం తాళం తిప్పుతున్నాడు, అది దగ్గుతోంది, కదలడం లేదు.

"ఇంక లాభం లేదు. వేరే బండి తెప్పిద్దాం," అన్నాడు సాయిలు.

"పొద్దు వోతున్నది మరి," అన్నారు ఇంకొందరు.

పెద్దమ్మ బండి చెక్క మీద చెయ్యి వేసి, పసిపిల్లవాడిని జోకొట్టినట్టు తట్టింది. కాకా ఆమెను అడిగిన ఒకే ఒక్క కోరిక నా రెండు క్లిప్పుల దగ్గర ఆగిపోయింది. అది చూశాక ఆత్మహత్యాసదృశమైన ధైర్యం ఒకటి నాలో పుట్టింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఎట్లనో ఆగింది గద, ఈడనే దింపుడు కళ్లం కానియ్యుర్రి," అన్నది పెద్దమ్మ, నా నోటికి అడ్డం పడుతూ. "అందరు దిగుర్రి."

శ్మశానానికి పోయే దారిలో పాడెను కిందికి దించి, పోయినవారి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు కదా. ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తారేమోనన్న కడపటి ఆశ. అందరికీ అది కాకా కోసం. నాకు బండి కోసం. ఎందుకంటే దానికోసం సాయిలు కుండతో సహా దిగాడు! దశరథం కూడా పాడె పట్టడానికి దిగాడు. క్యాబిన్ ఖాళీ. తాళం బండికే ఉంది.

అటు పాడె కిందికి దిగింది, ఇటు నేను పైకెక్కాను. సీటు ఎత్తి తల లోపలికి దూర్చాను. బయటివాళ్లకు కనిపించేది నా నడుము కింది భాగమే.

"పాపం, సీటు మీద వడి ఎట్ల ఏడుస్తుండు సూడు," అంటోంది ఎవరో ఆవిడ. "సొంత కొడుకు సుత గిట్ల ఏడువడు."

పెద్దమ్మ మొదటి పిలుపు వినబడింది. "రాజయ్యా!"

మొదటి క్లిప్పు దొరికింది. టక్కున కూర్చుంది.

"రాజయ్యా!" రెండో పిలుపు.

రెండో క్లిప్పు కనబడలేదు. ఊగి ఊగి ఎక్కడో సందులోకి జారిపోయింది. చెయ్యి దూర్చాను. వేడెక్కిన ఇంజన్ ముంజేతికి అంటుకుంది. "అమ్మా!" అని అరిచాను.

"ఊకో బిడ్డా, ఊకో," అని బయటినుంచి ఎవరో నా కాలు నిమిరారు.

మూడో పిలుపు రావాలి. రాలేదు. పెద్దమ్మ కాకా చెవి దగ్గర వంగి ఏదో గొణుగుతోంది. ఎంతకీ లేవదు. "పిలువు వదినా, పొద్దు వోతున్నది," అంటున్నాడు దశరథం. ఆమె చెయ్యి ఎత్తి ఆగమన్నది. ఆ ఆలస్యంలో నా వేళ్లకు క్లిప్పు తగిలింది. నొక్కాను. కూర్చుంది. సీటు మూసి, నాలుగూ కొడుతున్నాయో లేదో చూద్దామని, ముందూ వెనకా ఆలోచించకుండా తాళం తిప్పాను.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ తల ఎత్తి గట్టిగా పిలిచింది. "రాజయ్యా!"

బండి నాలుగు సిలిండర్లతో సింహంలా గర్జించింది.

తర్వాత జరిగినదాన్ని నేను క్యాబిన్ అద్దంలోంచి చూశాను. డప్పులు ఒక దిక్కు, డప్పులవాళ్లు ఇంకో దిక్కు. దశరథం డివైడర్ దూకాడు. ఎవరివో చెప్పులు నాలుగైదు జతలు యజమానుల్లేకుండా నడిరోడ్డు మీద మిగిలాయి. సాయిలు తన ఆకారానికి ఏమాత్రం తగని వేగంతో సోమాజిగూడ వైపు పరుగెత్తాడు. కుండ మాత్రం వదల్లేదు, అది ఆయన గొప్పతనం. పాడె పక్కన కదలకుండా కూర్చున్నది పెద్దమ్మ ఒక్కతే.

"ఏడికి వోతున్నరు?" అన్నది ఆమె. "రార్రి. లేశింది ఆయన గాదు, బండి."

మెల్లగా ఒక్కొక్కరే తిరిగొచ్చారు. దశరథం ఇంజన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. ముఖం తెల్లబోయింది. రెండు చేతులూ జోడించాడు.

"నాలుగు కొడుతున్నయ్. నాలుగు! పేరు వెట్టి పిలిస్తె నాలుగు లేశినయ్. రాజన్నా, నువ్వే గెలిశినవే. ఇగ ఆ ముచ్చట నా నోట్లకెల్లి రాదు."

పొద్దు వాలకముందే కాకా తన బండి మీద, తన నాలుగు సిలిండర్ల మీద, శ్మశానం గేటు దాటాడు.

ఆ తర్వాత మెట్రో పిల్లర్ దగ్గర సిలిండర్ల వాదన శాశ్వతంగా ముగిసింది. ఏ దేశం వీడియో చూపించినా ఓనర్లు చేతులు జోడించి ఫోన్ పక్కకు తోసేస్తున్నారు. దశరథం పాత బండికే ఇంజన్ పని చేయించుకున్నాడు. నాకైతే, "సొంత కొడుకు లెక్క ఏడ్చిండు" అని పేరొచ్చింది. చాయ్‌కి బండివాడు పైసలు తీసుకోవడం లేదు. ఆ చాయ్ ఎలా గొంతు దిగుతోందో నాకే తెలుసు.

దినాలు అయిన రోజు, వడ్డన ముగిశాక, పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ముంజేతి మీద కాలిన మచ్చకు కొబ్బరినూనె రాసింది.

"నొస్తున్నదా?"

"లేదు పెద్దమ్మా."

"ఏడ్చినోళ్లకు కండ్లు ఎర్రగైతయ్ బిడ్డా. నీకు చేతులు నల్లగైనయ్."

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను, ఆమె వదల్లేదు.

"ఆయన పోయే ముందటి మాపు, మిద్దె మీద బట్టలు తీస్తుంటె చూసిన. బండి ఎక్కి సీటు లేపినవ్. ఏందో నాకు తెల్వలె. వాడు గట్ల వణుకుతుంటె, నువ్వు సీటు కింద చూడాలె అని సాయిలును బతిమాలుతుంటె తెలిసింది."

"మరి... అందరి ముందు ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"చెప్తె నిన్ను ఆన్నే తందురు. ఇద్దర్ని మొయ్యనీకె ఒక్కటే బండి ఉండె."

నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. నూనె చేతులతోనే ఆపింది. ఏడుపొచ్చింది. ఈసారి కళ్లల్లోంచే వచ్చింది.

"మూడోసారి పిలువనీకె అంత సేపు చేసినవ్. కాకా చెవిల ఏం చెప్పినవ్ పెద్దమ్మా?"

"ఏం జెప్త? 'జర ఆగు, పోరడు వైరు వెడుతుండు' అన్న."

"కాకా ఏమన్నడు?"

పెద్దమ్మ నూనెసీసా మూత బిగించింది. "ఏమంటడు? ఆగిండు గద."

కాబట్టి, ఇది చదువుతున్న పెద్దలందరి సాక్షిగా, ఎడమచేతి ముంజేతి మచ్చ మీద కుడిచెయ్యి ఆన్చి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా కట్టె కాలేవరకు, ఎవరి ఇంజన్‌లోనైనా సరే, ఎంత ఖాళీ బండయినా సరే, ఏ ఒక్క సిలిండర్‌కూ సెలవు మంజూరు చేయను. వాదనలో ఓడిపోతే అక్కడికక్కడే, ఓడించినవారు బతికుండగానే, ఓడిపోతాను.